గోడ దూకిన కెప్టెన్

అమ్మా, క్షేమంగా ఉన్నాను. నేను మ్యాచ్ మధ్యలో పారిపోయానని రేడియోలో చెప్పింది నమ్మకు. కాళ్లకేం కాలేదు, పరువుకే కాస్త దెబ్బ తగిలింది.

నిన్న తోజర్ ఊళ్లో ఇంకో రెండు నిమిషాలు వాళ్ల జట్టును ఆపగలిగితే మ్యాచ్ డ్రా. వారమంతా చేపలు పట్టి ఆదివారం ఆడే మన జట్టు పై లీగుకు వెళ్లడానికి అదే చాలు. అంతలో నేను తన్నిన బంతి గోడ దాటి ఖర్జూరపు తోటలో పడింది. వేరే బంతులున్న సంగతే తోచక, చిన్నప్పటి అలవాటుకొద్దీ గోడ దూకేశాను. తోటలో ముసలమ్మతో తిట్లు తిని బంతి పట్టుకొచ్చేసరికి, వాళ్లు ఇంకో బంతితో మనకు గోల్ కొట్టేశారు.

మన కోచ్ బషీర్ మామ కేకలేస్తాడనుకున్నాను.

"బంతి దొరికిందా?" అన్నాడు.

"దొరికింది మామా."

"మీ అమ్మ పెంపకం రా! ఏం చేస్తాం?"

నిజమే. మేం సందులో ఆడుకునే పిల్లలుగా ఉన్నప్పుడు మన పెరట్లో బంతి పడితే, తన్నినవాడే వచ్చి అడగాలనేదానివి.

గురువారం పడవకొస్తాను. ఎండబెట్టిన ఆక్టోపస్‌ను పిల్లిపాలు చెయ్యకు. నాన్నకు సలాములు, చెల్లి జొహ్రాకు ముద్దులు. ఇకమీదట పెరట్లో బంతి పడితే, ఎవడు తన్నాడని అడక్కుండా ఇచ్చెయ్యమ్మా.

నీ లుత్ఫీ