వసారాలో చాప

హనోయ్,
రెండో నెల ఇరవయ్యో తిథి

అత్తయ్య గారికి మీ కోడలు లాయ్ నమస్కారాలు.

మేమిద్దరం ఇక్కడ కులాసాగా ఉన్నాం. మీరూ, మీ మనవరాలు థామ్, కోళ్లూ, నీళ్లలో కట్టిన మంచెల మీద చామంతి కుండీలూ అందరూ అక్కడ అలాగే ఉన్నారని తలుస్తాను. ముందుగా ఒక్క మనవి. ఈ ఉత్తరం థామ్ చేత చదివించుకోకండి. మీరే చదవండి. కళ్లజోడు బియ్యం డబ్బా మీద ఉంటుంది. ఇల్లంతా వెతికి ఎలాగూ చివరికి అక్కడే చూస్తారు.

రైల్లో మీ అబ్బాయి కిటికీ దగ్గర సీటు ఎవరికీ ఇవ్వలేదు. ఏ ఊరు వచ్చినా "ఇక్కడ మట్టి చామంతికి పనికిరాదు" అని తీర్పు చెబుతూ కూర్చున్నారు. హనోయ్‌లో దిగేసరికి సన్నటి జల్లు. ఐదు రోజులైంది, ఇంకా అదే జల్లు. అది కురిసినట్టూ ఉండదు, ఆగినట్టూ ఉండదు. గోడలకు చెమట పడుతోంది. ఉతికిన చొక్కా మూడు రోజులైనా ఆరదు. మేము దిగిన ఇల్లు పాత బజారులో, రెండు దుకాణాల మధ్య ఇరుక్కుని ఉంది. ఇంటావిడ మూయ్ గారు. మంచి మనిషే, కానీ నోరు ఊరుకోదు. నేను టీలో పంచదార అడిగితే, "మీ దక్షిణాది వాళ్లు మందులో కూడా పంచదార వేసుకుంటారా?" అంది.

మొదటి రోజు చూసింది ఏమిటంటే రోడ్డు. అవతల వైపు సరస్సు కనిపిస్తూనే ఉంది, మధ్యలో మోటారు సైకిళ్లు. మీ అబ్బాయి అంచున పావుగంట నిలబడ్డారు. "వరదలో మన నదికి అడ్డంపడి ఈదినవాణ్ణి నేను. ఇది నది కాదే లాయ్, దీనికి వరద తగ్గే నెలంటూ లేదు" అన్నారు. చివరికి మూయ్ గారే చెయ్యి పట్టుకుని దాటించింది. "ఆగితే గుద్దుతారు, పరిగెత్తినా గుద్దుతారు. తీరిగ్గా నడువన్నా, వాళ్లే తప్పుకుంటారు!" అని అరుస్తూనే ఉంది. అవతలికి చేరాక ఈయన ఎంత పొంగిపోయారంటే, అవసరం లేకపోయినా ఇంకో రెండుసార్లు దాటారు.

రెండో రోజు నేను తన్నులు తినబోయాను. పొద్దున్నే ఒక దుకాణంలో మీ కోసం ఉన్ని శాలువా బేరమాడి, రంగు నచ్చక వదిలేసి వచ్చాను. మొదటి బేరం అలా చెయ్యకూడదని మన సంతలోనూ ఉంది కదా, ఊరు మారేసరికి బుద్ధి కూడా రైల్లో మరిచిపోయినట్టున్నాను. వెనక నుంచి "బోణీ చెడగొట్టి పోతావా! ఏ ఊరి దరిద్రమో నా గుమ్మం తొక్కింది!" అని కేక. తిరిగి చూస్తే ఆవిడ కాగితం ముక్క వెలిగించి నేను నిలబడిన చోటంతా తిప్పుతోంది. నా దిష్టి పోవడానికి. మీ అబ్బాయి పగలబడి నవ్వారు. తర్వాత ఆయనే వెనక్కి వెళ్లి, ఆ నచ్చని రంగు శాలువానే కొనుక్కొచ్చారు. కాబట్టి మీకు వంకాయ రంగు శాలువా వస్తోంది. తిట్టకుండా కప్పుకోండి.

ఇక మీరు సంచిలో మడిచి పెట్టిన చీటీ. నాలుగు ప్రశ్నలు రాశారు. వరసగా జవాబు చెబుతాను.

అబ్బాయి మోకాలు వాచిందా? వాచింది. నీళ్లలో బొమ్మలాట చూడ్డానికి రమ్మంటే, "పుట్టినప్పటి నుంచి నీళ్లలోనే ఉన్నాను, మళ్లీ దానికి టికెట్టా?" అని సణిగి, తీరా వెళ్లాక కొయ్య చేప తెర వెనక ఎలా కదులుతోందో చూడాలని అంతసేపూ సగం లేచి నిలబడే ఉన్నారు. అందుకే వాచింది.

వాళ్లు కూరల్లో పంచదార వెయ్యరన్నది నిజమేనా? నిజమే. చేప కూరలో కూడా ఉప్పే. మీ అబ్బాయి అంతా తిని, చిన్నప్పుడు మీరు నేర్పినట్టే ముళ్లను గిన్నె అంచు మీద వరసగా, అన్నీ ఒకే వైపుకు తిప్పి పేర్చారు. మూయ్ గారు చూసి, "మీ ఆయన సైన్యంలో చేశాడా?" అని అడిగింది.

సరస్సులో ఆ కథల తాబేలు కనిపించిందా? లేదు. కనిపించిందని థామ్‌కు చెప్పండి.

నాలుగో ప్రశ్న, "ఎవరింట్లోనైనా అన్నం తిన్నారా?" అని. అత్తయ్యా, దానికి జవాబు రాయడానికే ఈ ఉత్తరం. ఇంతవరకు రాసిందంతా ధైర్యం కూడదీసుకోవడానికి రాశాను.

చామంతులు బాగా పోయాయి, ఈ ఏడన్నా ఊరు చూద్దాం అని మీ అబ్బాయిని వేధించి తెచ్చింది నేను. ఊరు చూడాలని కాదు. పన్నెండో నెలలో రేవు దగ్గర పోస్టుమన్ నాకొక ఉత్తరం ఇచ్చాడు. పైన మామయ్య గారి పేరు, "వారి ఇంటివారికి" అని. నేను విప్పాను. మీకు ఇవ్వలేదు, మీ అబ్బాయికీ చెప్పలేదు. రాసింది దియెప్ అని ఒకావిడ, హనోయ్ నుంచి. మామయ్య గారు యుద్ధంలో పోలేదు అత్తయ్యా. ఇక్కడే బతికారు. ఆవిడను పెళ్లి చేసుకున్నారు. ఒక కూతురు కూడా ఉంది. "నాకు వయసైపోయింది, నేను పోయేలోగా ఆయన పోయిన తిథి మీకు చెప్పాలి" అని రాసింది. ఎనభై నాలుగులో పోయారట. అంటే అరవై ఆరులో చావు కబురు వచ్చినప్పటి నుంచి మనం పద్దెనిమిదేళ్ల పాటు బతికున్న మనిషికి తద్దినం పెట్టాం. తిథి తెలియక, యాభై నాలుగులో ఇల్లు విడిచి ఉత్తరాదికి పడవెక్కిన రోజునే పెడుతూ వచ్చాం కదా.

నాకు కోపం వచ్చింది. మీ తరఫున వచ్చింది. ఇరవై ఒక్క ఏటికే ఒంటరివారై, చావు కబురు వచ్చాక తెల్లబట్ట కట్టుకుని, ఎందరు అడిగినా మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వకుండా కొడుకును పెంచారు. ఆ మనిషి ఇక్కడ ఇంకో పొయ్యి ముందు కూర్చుని అన్నం తిన్నాడు. ఆ ఉత్తరం చింపేద్దామని మూడుసార్లు అనుకున్నాను.

మూడో రోజు సరస్సు ఒడ్డున బెంచీ మీద మీ అబ్బాయికి చూపించాను. ఫొటోలు తీసేవాడు వచ్చి "అక్కా బావా, కొంచెం నవ్వండి" అంటున్నాడు. ఈయన చదివి, మడిచి, నా చేతిలో పెట్టారు.

"అమ్మకు తెలుసా?"

"తెలియదు."

"నడువు, ఇంటికి పోదాం. ఊరు చూడటం అయిపోయింది."

కానీ మర్నాడు పొద్దున్న ఆయనే ముందు తయారయ్యారు. రోడ్డు దగ్గర ఆగలేదు, అటూ ఇటూ చూడలేదు. మోటారు సైకిళ్లు వాటంతట అవే తప్పుకున్నాయి. వెనక నేనే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తాను.

ఉత్తరంలోని చిరునామా ఇద్దరు పక్కపక్కన నడవలేని సందు. సందు మొదట్లో నాలుగు ముక్కాలి పీటలు వేసుకుని టీ అమ్ముతోంది, ఆవిడే దియెప్ గారు. చిన్న మనిషి, పళ్లు నల్లగా ఉన్నాయి. టీ కోసం వచ్చామనుకుని గ్లాసులు కడుగుతోంది. నేను ఊరి పేరు చెప్పాను. గ్లాసు నీళ్లలో జారవిడిచింది.

"అక్కగారు ఉన్నారా?" అని అడిగింది మొదట. మిమ్మల్నే. "ఉన్నారు" అంటే, "నా మీద కోపంగా ఉన్నారా?" అంది. "మీరు ఉన్నారని తెలిస్తే కదా కోపం" అన్నాను నేను. నా నోరు మీకు తెలుసుగా.

లోపల ఒకటే గది. పెద్దల పీఠం మీద మామయ్య గారి ఫొటో. మన ఇంట్లో ఉన్నది ఇరవై రెండేళ్ల కుర్రవాడిది, ఇది తల నెరిసిన మనిషిది. వడ్రంగం చేసేవారట, పీఠం ఆయన చేసిందేనట. ఆవిడ మూడు అగరువత్తులు తీసి మీ అబ్బాయి ముందు పట్టుకుంది. ఈయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. తీసుకోలేదు. ఆవిడ వాటిని మళ్లీ గూట్లో పెట్టి, "అన్నం తిని వెళ్లండి" అంది.

చేపల పులుసు వండింది. అనాసపండు ముక్కలు, టమాటాలు వేసింది. "ఆయన చెప్పినట్టే వండుతాను. ఉన్నన్నాళ్లూ బాగుందనే అనేవారు, సగం గిన్నె వదిలేసేవారు. జీలుగ పూలు కావాలట. ఇక్కడెక్కడ తెచ్చేది?"

మీ అబ్బాయి గిన్నె దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టారు. నాలుగు ముద్దలయ్యాక ఆ ఇంట్లో ఆయన అన్న మొదటి మాట, "పంచదార తక్కువైంది."

ఆవిడ నవ్వబోయింది. అంతలో ఆయన గిన్నె అంచు చూసింది. ముళ్లు వరసగా, అన్నీ ఒకే వైపుకు. చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఇది మీకెవరు నేర్పారు?" అని అడిగింది. "అమ్మ" అన్నారు ఈయన. "నాన్న ఇలా పెట్టేవాడని చెప్పి నేర్పింది." ఆ మాట అన్నాక ఆయన లేచి చెయ్యి కడుక్కుని, గూట్లోంచి అగరువత్తులు తీసి వెలిగించారు.

తర్వాత ఆవిడ చెప్పింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మామయ్య గారు మన ఊరు వచ్చారట. ఆవిడే రైలెక్కించి పంపిందట, "వెళ్లి అక్కగారితో అంతా చెప్పండి, ఆవిడ ఉండమంటే అక్కడే ఉండండి" అని. తిరిగొచ్చి మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజున అన్నారట, "నా తద్దినం అన్నం నేనే తిని వచ్చాను. ఇల్లు చల్లగా ఉంది. బతికొచ్చి చెడగొట్టడం దేనికి?" అని. ఇంకా అన్నారట, "వడ్డించిన పిల్ల గట్టిది. అగరువత్తి వెలిగించలేదని కసిరింది" అని.

అత్తయ్యా, ఆ పిల్లను నేనే.

నాకు పెళ్లై మూడు నెలలు. ఆ రోజు మీ అబ్బాయి పడవలో చుట్టాలను తెస్తూ తిరుగుతున్నారు, మీరు వెనక పొయ్యి దగ్గర ఉన్నారు. ఒక మనిషి రేవులో దిగాడు. టోపీ ఉత్తరాది వాళ్లది, మాట మనది. "ఏమిటమ్మా విశేషం?" అంటే "మా మామగారి తద్దినం" అన్నాను. లోపలికి చూశాడు. పీఠం మీద ఫొటో, పూలు, పళ్లు. చాలాసేపు చూశాడు. దారిన పోయేవాడికైనా అన్నం పెట్టాలి కదా, వసారాలో కూర్చోబెట్టి చేపల పులుసు పోశాను. మూడుసార్లు అడిగి పోయించుకున్నాడు. లేచి వెళ్లబోతుంటే నాకు ఒళ్లు మండింది. "తిన్నారు కదా, ఒక్క అగరువత్తి వెలిగించడానికి చేతులు రాలేదా?" అన్నాను. "నేను వెలిగించకూడదమ్మా" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉంటే తాగాడనుకున్నాను. "మీ అత్తగారు బాగున్నారా?" అని అడిగాడు. "తాగిన వాళ్లతో మాట్లాడే తీరిక ఆవిడకు లేదు, వెళ్లండి" అన్నాను. వెళ్లిపోయాడు.

గోడకు అవతల మీరు ఉన్నారు అత్తయ్యా. నేను ఒక్క కేక వేస్తే వచ్చేవారు. ఇరవై రెండేళ్లకు మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషిని గుమ్మంలోంచి పంపేసింది నేను. ఇది ఇన్నాళ్లూ నాకే తెలియదు, తెలిశాక అన్నం దిగడం లేదు. మీ అబ్బాయికి నిన్న చెప్పాను. ఆయన, "నువ్వు అన్నమైనా పెట్టావు. నేను అదీ పెట్టలేదు" అన్నారు. ఆ మాటతో నా పాపం పోదు. మీరు తిడితే పోతుందేమో. తిట్టండి.

కానీ రాత్రంతా ఒకటే గుర్తొస్తోంది. ఆ రోజు గిన్నెలు కడుగుతూ మీరు ఒక గిన్నె పట్టుకుని ఆగిపోయారు. "ఇందులో తిన్నదెవరు?" అన్నారు. "ఎవరో దారిన పోయేవాడు, ఉత్తరాది టోపీ పెట్టుకున్నాడు" అన్నాను. దాని అంచు మీద ఏం చూశారో నేను చూడలేదు. మీరు మళ్లీ ఏమీ అడగలేదు. ఆ గిన్నె కడిగి పై అరలో పెట్టారు. మరుసటి ఏడు నుంచి ప్రతి తద్దినానికీ వసారాలో వేరే చాప వేయించి, దాని ముందు ఆ గిన్నె పెట్టి, దారిన పోయేవాళ్ల కోసం అన్నారు. దాన్ని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నాలుగో ప్రశ్న రాసి పంపారు. మీకు తెలుసు కదూ?

తెలిసి కూడా ఇరవై ఆరేళ్లు నన్ను ఒక్క మాట అనలేదు.

ఆయన పోయింది పదకొండో నెల నాలుగో తిథి. దియెప్ గారు పీఠం మీది అగరువత్తుల గిన్నెలోంచి బూడిద తీసి, ఎర్ర గుడ్డలో కట్టి ఇచ్చింది. మన ఇంటి అగరువత్తుల గిన్నెలో కలపమంది. "అక్కగారు ఒప్పుకుంటేనే" అని మూడుసార్లు అంది. మూట నా బట్టల మధ్య, మీ శాలువాలో చుట్టి ఉంది. మేము నెలాఖరుకు రేవులో దిగుతాం.

అత్తయ్యా, ఈసారి ఆ చాప వసారాలో వెయ్యకండి. లోపల వెయ్యండి.

ఇట్లు,
వడ్డించి పంపేసిన మీ కోడలు,
లాయ్