గంగ ఎంచుకున్న తోడు

పనసగరువు,
నవంబరు 9

ప్రియమైన మావకు,

ఇక్కడ కాఫీ పళ్లు ఎర్రబడ్డాయి. మన తోటలో సగం కోత అయింది. పోయిన ఆదివారం హాస్టలుకు వెళ్లి మన భానును చూసి వచ్చాను. ఎనిమిదో తరగతి లెక్కలు కష్టంగా ఉన్నాయట.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు నా మాట వినవు. నాలుక తడబడుతోందా అని వింటావు. అందుకే ఉత్తరం.

మావా, మళ్లీ తాగాను. పద్నాలుగు నెలలు ముట్టలేదు. పోయిన నెల, మన పనికి వచ్చినవాళ్ల దగ్గరకు బదులు కోతకు వెళ్లినచోట సాయంత్రం అందరికీ జీలుగు కల్లు పోశారు. ఆనపబుర్ర నా దాకా వచ్చింది. "ఒక్క గుక్కే కదే, సలికి మంచిది" అన్నారు. ఒక్క గుక్కతో ఆగలేదు. మరుసటి వారం సంతలో సారా కొన్నాను. ఇప్పుడు పొద్దున లేచేసరికి చేతులు వణుకుతున్నాయి. కొంచెం పడితే గాని బుట్ట పట్టుకోలేను.

మానాలి. నా ఒక్కదాని వల్ల కాదు. పక్కింటి యర్రమ్మక్కకు మాత్రమే చెప్పాను. ఆస్పత్రికి పద అంటోంది. చర్చిలో ప్రార్థన చేయించుకుంటే చాలేమో అని నాకొకసారి అనిపిస్తుంది. వేరుమందు ఇచ్చే గురువు దగ్గరకు పోదామా అని ఇంకోసారి. దేన్ని పట్టుకోవాలో తెలియడం లేదు. తిట్టినా సరే, వెంటనే రాయి.

నీ జవాబు కోసం చూస్తూ,
గంగ

సాలూరు,
నవంబరు 14

ప్రియమైన గంగకు,

రాయపూర్ లోడు దించి వచ్చేసరికి లారీ ఆఫీసులో నీ ఉత్తరం ఉంది. చదివి క్యాబిన్లోనే కూర్చుండిపోయాను.

ఆస్పత్రి వద్దు. భీమన్న పెళ్లాం తాగి ఆస్పత్రిలో పడిందని సంతంతా చెప్పుకుంటారు. భాను చెవిన పడుతుంది. గురువూ వద్దు, చర్చీ వద్దు. ఇంట్లో ఉన్నది పారబోసి, భాను తల మీద ఒట్టు వేసుకుని ఈ రోజే ఆపెయ్. నాలుగు రోజులు తలుపు వేసుకుని పడుకో. అదే పోతుంది.

కోపంతో రాస్తున్నాననుకోకు. భయంతో రాస్తున్నాను. స్టీరింగ్ పట్టుకున్నా నువ్వే కనిపిస్తున్నావు.

ధైర్యంగా ఉండు.
నీ భీమన్న

అరకు, ఆస్పత్రి,
నవంబరు 27

ప్రియమైన మావకు,

అక్షరాలు చూసి కంగారు పడకు. కుడి చేతికి కట్టు ఉంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. భాను తల మీద ఒట్టు వేసుకుని సారా పారబోశాను. రెండో రోజుకు ఒళ్లంతా చెమట. మూడో రోజు పొద్దున గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించింది. గంజి కాద్దామని పొయ్యి ముందు కూర్చున్నాను. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

"కళ్లు తేలేసినావు గుంటా. పొయ్యిలో సెయ్యి పడిపోనాది. నాను లాగకపోతే ఏటయ్యేదో" అని యర్రమ్మక్క చెప్పి ఏడ్చింది. ఆటోలో దారి పొడుగునా నా తల ఒళ్లో పెట్టుకుని తీసుకొచ్చిందట. నువ్వు ఫోన్ చేసినప్పుడు తోటలో ఉన్నానని చెప్పమన్నది నేనే. ఆమెను ఏమీ అనకు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. రోజూ తాగే మనిషి ఇంట్లో తనంతట తాను ఒక్కసారిగా ఆపకూడదట. ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. మందులిచ్చి, దగ్గరుండి చూస్తూ మాన్పించాలట. నీకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇక్కడి కౌన్సిలరు, ఇంటికి వెళ్లాక ఎవరి సాయం కావాలో నువ్వే ఎంచుకో అన్నారు. బుధవారం బుధవారం తాగుడు మానినవాళ్లు ఇక్కడే ఒక గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. అందరూ మగవాళ్లే. వెళ్లగలనో లేదో.

నీ గంగ

సాలూరు,
డిసెంబరు 2

ప్రియమైన గంగకు,

నిన్న ఆస్పత్రిలో నీ మంచం పక్కన ఏడుపు ఆపుకున్నాను. బస్సెక్కాక ఏడ్చాను. ఆ కట్టు నా ఉత్తరం చేసిన పని.

ఓనరుకు చెప్పేశాను. నెలాఖరుకు లారీ మానేస్తాను. ఇక ఇంట్లోనే ఉంటాను. సంతకు నేనే వెళ్తాను. కోతకూ నిన్ను ఒంటరిగా పంపను. ఆ మగవాళ్ల మీటింగు వద్దు. నీకు నేను చాలు.

నీ భీమన్న

పనసగరువు,
డిసెంబరు 21

ప్రియమైన మావకు,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని భయపడి ఉంటావు. తాగలేదు. ఈ మాట రాయడానికే మూడు కాగితాలు చింపాను.

లారీ మానొద్దు.

పద్నాలుగు నెలలూ నువ్వు ఇంటికి వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే దగ్గరకు తీసుకునేవాడివి. ముద్దుకు కాదని నాకు తెలుసు, నోటి వాసనకు. ఆస్పత్రిలో కూడా నుదురు నిమరడానికి వంగి ముందు ముక్కు ఎగబీల్చావు. తాగాలనిపించిన రోజున నీకు చెప్పుకోలేకపోయాను. చెబితే కాపలా పెరుగుతుందని భయం. కల్లు బుర్ర చేతికి వచ్చిన సాయంత్రం, వద్దు అనడానికి నాకు తోడు ఎవరూ లేరు. తాగింది నేనే, నింద నీ మీద వేయను. కానీ నువ్వొక్కడివే చాలవు మావా. ఎవరూ ఒక్కరే చాలరు.

బుధవారం మీటింగుకు వెళ్లాను. యర్రమ్మక్క బయట మెట్ల మీద కూర్చుంది. లోపల తొమ్మిది మంది మగవాళ్లు. గుమ్మంలోనే ఆగాను. బుధు అనే ముసలాయన కుర్చీ జరిపి, "రామ్మా, కూకో. ఇక్కడ సిగ్గుపడనోడు ఎవడూ లేడు" అన్నాడు. నా పేరు చెప్పాను. ఆ రోజుకు అంతే చెప్పగలిగాను. మూడో వారం ఇంకో ఆడమనిషి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నేనే లేచి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

ఆస్పత్రిలో ఇచ్చిన మాత్ర రోజూ యర్రమ్మక్క ముందు వేసుకుంటున్నాను. నెలకోసారి డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాలి. బదులు కోతలకు ఈ ఏడాది వెళ్లను.

భానుకు నేనే చెప్పాను. హాస్టలు గోడ పక్కన నిలబడి చెప్పాను. "నాకు తెలుసమ్మా. నువ్వెప్పుడు సెప్తావా అని సూస్తన్నాను" అంది. మనం దాచింది దాని దగ్గర కాదు మావా, మన దగ్గరే.

ఈ రోజుకు ముప్పై నాలుగు రోజులు. మొన్న సంత రోజు సారా వైపు మనసు లాగింది. యర్రమ్మక్క ఇంటికి పోయి, సంత ముగిసేదాకా ఆమెతో చింతపండు పిక్కలు తీస్తూ కూర్చున్నాను. రేపు ఎలా ఉంటుందో తెలియదు. భయం పోలేదు.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. శనివారం వచ్చినప్పుడు ఎలా ఉన్నావని అడుగు. తాగాలనిపిస్తోంది అంటే తలుపు వేయకు, పక్కన కూర్చో. ఎప్పుడైనా తాగితే నేనే చెబుతాను. దీనికి భాను తల మీద ఒట్టు వేయను. నా మాట నమ్ము.

శనివారం బస్సు దగ్గరకు వస్తాను.

నీ గంగ