ముప్పై ఎనిమిదో నిమిషం

అక్టోబర్ 12, ఆదివారం

సాయంత్రం 5:21కి రిఫరీ మ్యాచ్ ఆపేశాడు. 38వ నిమిషం. స్కోరు 0–0. కారణం వాన. పెనాల్టీ ఏరియాలో బంతి పైనుంచి వదిలి చూశాడు. ఎగరలేదు, తేలింది. ఇంకోచోట వదిలాడు. అక్కడా తేలింది. విజిల్ ఊదేశాడు.

ఆ 38 నిమిషాల్లో గోడ రెండు గోల్స్ ఆపాడు. గోడ మా టీమ్ గోల్‌కీపర్. వయసు 36, పదకొండేళ్ళుగా ఒకటే క్లబ్. ఆ పేరు పెట్టింది స్టాండ్స్‌లో జనం, పేపర్లో రాసి రాసి ఖాయం చేసింది నేను. రెండో బంతి నీళ్ళలో జారుతూ ఎడమచేత్తో బయటికి తోశాడు. ఈ సీజన్లో నేను చూసిన మంచి సేవ్ అదే.

చిట్టా తాతయ్య రెయిన్‌కోటు లోపల నోటుబుక్కు పెట్టుకుని రాసుకున్నాడు. మిల్లులో టైమ్‌కీపర్‌గా రిటైరైన మనిషి. ఇరవై రెండేళ్ళుగా మా టీమ్ ఆడిన ప్రతి మ్యాచ్‌లో ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాస్తున్నాడు. బయట ఆడితే టీవీ ముందు కూర్చుని రాస్తాడు. క్లబ్ ఆఫీసు రికార్డుల్లో తప్పులు దొర్లుతాయి, తాతయ్య చిట్టాలో దొర్లవు. మా పేపర్లో సోమవారం వచ్చే పట్టిక ఆ చిట్టాలోదే.

ఆగిపోయిన మ్యాచ్‌కి లెక్కేమిటి తాతయ్యా అని వెనక వరసలో ఎవరో వెటకారం చేశారు. టికెట్ చించారు, బంతి తన్నారు, నా కళ్ళతో చూశాను, ఇంకేం కావాలిరా అన్నాడు. అదీ ఆయన పద్ధతి. చూసిందే లెక్క.

రిపోర్టు 180 పదాలు. 6:40కి పంపాను. సాక్సులు ఇంకా ఆరలేదు.

నవంబర్ 19, బుధవారం

వానకి ఆగిపోయిన మ్యాచ్ ఇవాళ మళ్ళీ మొదటి నుంచీ ఆడారు. గోడకి మోకాలు బెణికింది, రెండో కీపర్ నిలబడ్డాడు. నేను జ్ఞానదంతం పీకించుకుని మంచం మీద. డెస్క్ వాళ్ళే నాలుగు లైన్లు రాసుకున్నారు.

మార్చి 7, శనివారం

టీమ్ పద్నాలుగో స్థానంలో ఉంది. జట్లు పదహారు.

మధ్యాహ్నం తమ్ముడి టైలరింగ్ షాపుకి వెళ్ళాను. స్టేడియం దక్షిణం గేటు ఎదురుగా ఉంటుంది. జెర్సీల మీద పేర్లు, నంబర్లు కుట్టేది వాడే. అందుకని శనివారం అభిమానులంతా అక్కడే. ఇవాళ ట్రయల్ రూమ్ అద్దం మీద బట్టలకి గీతలు గీసే సుద్దతో రెండు కాలమ్స్ గీశారు. ఉంచు. పంపు. సుద్ద బస్ డ్రైవర్ చేతిలో ఉంది.

సెంటర్ ఫార్వర్డ్ గురించి గొడవ లేదు. మూడేళ్ళ కాంట్రాక్టు, ఈ సీజన్లో రెండు గోల్స్. పంపుదామంటే కొనే నాథుడేడీ అని మందుల షాపావిడ అడిగింది. ఎదురు డబ్బిచ్చి పంపుదామన్నాడు డ్రైవర్. తర్వాత సుద్ద గోడ పేరు దగ్గరికొచ్చింది.

గోడ కూలిస్తేగానీ కొత్త ఇల్లు లేవదని డ్రైవర్. ముప్పై ఆరేళ్ళ వాడికి ఇంకో ఏడాది కాంట్రాక్టా, పదిహేనేళ్ళు దాటితే నా బస్సుకే ఫిట్‌నెస్ ఇవ్వరు అన్నాడు. మరి నీకు యాభై నాలుగు కదరా, నిన్నెవరూ తుక్కుకి వెయ్యలేదే అన్నాడు చిట్టా తాతయ్య. షాపంతా నవ్వింది. డ్రైవర్ కూడా నవ్వాడు గానీ సుద్ద వదల్లేదు. రెండో డివిజన్లో ఇరవై రెండేళ్ళ కీపర్ ఉన్నాడట, పిల్లిలా దూకుతాడట. నువ్వు చూశావా అని తాతయ్య. ఫోన్లో చూశానని డ్రైవర్. ఫొటో చూసి పెళ్ళికి ఒప్పుకునే రకానివి అన్నాడు తాతయ్య. ముందు నలుగురు డిఫెండర్లు దారి వదిలేసి నిలబడితే వెనక ఉన్నవాణ్ణి అని ఏం లాభం, రీబిల్డింగ్ అక్కణ్ణుంచి మొదలెట్టండి బాబూ అని మందుల షాపావిడ మొత్తుకుంది.

తమ్ముడి నోట్లో గుండుసూదులు. అందుకే వాడితో ఎవరికీ తగాదా రాదు. బలవంతం చేస్తే సూదులు తీసి, ఎవరొచ్చినా పేరు కుట్టేది నేనే, ఎవరు పోయినా కుట్టు విప్పేది నేనే, నన్ను వదిలెయ్యండి అన్నాడు.

అక్కా, నువ్వు చెప్పు అని నా మీదికి తిరిగారు. వంద షాట్లకి 74 ఆపుతున్నాడు, పోయినేడు 75 అన్నాను. అంకెలు చెప్తావుగానీ అభిప్రాయం చెప్పవు కదా నువ్వు అన్నాడు డ్రైవర్. నిజమే.

చేతులెత్తారు. పదకొండుకి ఆరు. గోడ పేరు ‘పంపు’ కిందికి వెళ్ళింది. అద్దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి నాలుగు వేలమంది చూశారు. అందులో క్లబ్ వాళ్ళు ఎంతమందో తెలీదు.

ఏప్రిల్ 22, బుధవారం

ఉదయం 7:30. గోడ ఫోన్ చేసి మా ఆఫీసు వెనక పార్కింగ్‌లోకి రమ్మన్నాడు. కారు దిగలేదు. కుడి మణికట్టు చూపించాడు. మార్చిలో ఎముక చిట్లింది. టేపు చుట్టుకుని ఐదు మ్యాచ్‌లు ఆడాడు. ఎవరికీ తెలీదు.

ఈ శనివారం ఆపరేషన్‌కి తేదీ దొరికింది. అది పోతే సర్జన్ మళ్ళీ జూన్‌లోగానీ ఉండడు. అప్పటికి ఎముక వంకరగా అతుక్కుంటుంది. ఆదివారం సీజన్లో ఆఖరి మ్యాచ్.

అసలు విషయం కాంట్రాక్టు. ఈ సీజన్లో 25 లీగ్ మ్యాచ్‌లు ఆడితే ఇంకో ఏడాది దానంతటదే పొడిగిస్తారు. ఆడకపోతే మేలో వీధిన పడతాడు. ఆపరేషన్ తర్వాత ఆరునెలలు ఫిజియో కావాలి, అది క్లబ్‌లో ఉంటేనే. ఆ తర్వాత కీపింగ్ కోచ్‌గా అడగాలనుకుంటున్నాడు. అదీ లోపలున్నవాడికే. చెయ్యి కట్టు కట్టుకున్న ముప్పై ఆరేళ్ళ వాణ్ణి బయట ఎవరు తీసుకుంటారు అన్నాడు. జాలి కోసం అనలేదు. లెక్కలా చెప్పాడు.

వాళ్ళావిడ లెక్కలో 25 అయిపోయాయి. ఇతనికి మాత్రం అనుమానం. క్లబ్‌నే అడగొచ్చుగా అన్నాను. రెండేళ్ళ కిందట లెఫ్ట్ బ్యాక్ అలాగే అడిగాడట. పొడిగింపుకి ఇంకా రెండు మ్యాచ్‌లే మిగిలాయని వాళ్ళకి గుర్తుచేసినట్టయింది. ఆ రోజునుంచి బెంచి మీద కూర్చోబెట్టారు. కాబట్టి ఎవరికీ ఫోన్ చెయ్యొద్దక్కా, నీ దగ్గర అంకెలుంటాయిగా, చూసి చెప్పు అన్నాడు. 24 అయితే ఇంజెక్షన్ పొడిపించుకుని ఆదివారం నిలబడతాను, ఒక్క నిమిషం నిలబడినా మ్యాచే, చెయ్యి సంగతి తర్వాత అన్నాడు.

రేపు చెప్తానన్నాను.

ఏప్రిల్ 23, గురువారం

తాతయ్య ఇంటికి వెళ్ళాను. ఎందుకని అడగలేదు, నోటుబుక్కు ఇచ్చి చదువుకొమ్మన్నాడు. రెండుసార్లు లెక్కపెట్టాను. 25.

11:05కి గోడకి మెసేజ్: 25. ఆపరేషన్ చేయించుకో.

11:06కి జవాబు: బతికించావక్కా.

ఏప్రిల్ 26, ఆదివారం

ఓడిపోయాం, 1–3. రెండో కీపర్ ఆడాడు. పదమూడో స్థానంతో సీజన్ ముగిసింది. దక్షిణం స్టాండ్‌లో గోడకి బీటలు అని ఒకటే అరుపులు. ఆఖరి మ్యాచ్ అనేసరికి అయ్యగారికి నొప్పులొచ్చాయి అన్నాడు బస్ డ్రైవర్, నాకు వినబడేలా. అసలు సంగతి చెప్పలేకపోయాను. రిపోర్టులో ‘గాయం’ అని ఒక్క ముక్క రాశాను.

నిన్న ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. రెండు స్క్రూలు.

మే 11, సోమవారం

సాయంత్రం 4:10కి క్లబ్ ప్రకటన వచ్చింది. పొడిగింపుకి కావలసిన 25 మ్యాచ్‌లకి 24 మాత్రమే ఆడినందున గోడ కాంట్రాక్టు గడువు ముగిసింది. అభిమానుల కోరిక మేరకు చేపట్టిన జట్టు పునర్నిర్మాణంలో భాగంగా కొనసాగించడం లేదు. రెండో డివిజన్ నుంచి ఇరవై రెండేళ్ళ కీపర్‌తో నాలుగేళ్ళ ఒప్పందం. ‘అభిమానుల కోరిక’ అన్నచోట అద్దం ఫొటో కూడా పెట్టారు.

4:16కి గోడ ఫోన్ చేశాడు. అరవలేదు. 24 అంటున్నారక్కా అన్నాడు. అబద్ధమాడుతున్నారు అన్నాను.

ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో, కనుక్కోకుండా ఆ మాట అనడం ఇదే మొదలు.

మే 12, మంగళవారం

10:30కి లీగ్ ఆఫీసుకి ఫోన్ చేశాను. రిజిస్ట్రార్ మేడమ్ పద్నాలుగో రూలు చదివి వినిపించింది. మధ్యలో ఆగి, తిరిగి ఆడిన మ్యాచ్‌లో మొదటి ఆట రద్దు. గోల్స్, కార్డులు, ఆడినవాళ్ళ హాజరు, ఏదీ లెక్కకి రాదు. మీరు ఏ మ్యాచ్ గురించి అడుగుతున్నారు అంది.

అప్పటికే నా చెయ్యి ఈ డైరీ మొదటి పేజీ తిప్పేసింది.

అక్టోబర్ 12. 38వ నిమిషం. నా చేతిరాత. దాని కింద నవంబర్ 19. మళ్ళీ మొదటి నుంచీ ఆడారు, రెండో కీపర్ నిలబడ్డాడు. అదీ నా చేతిరాతే. రెండూ నాకు తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టుకోలేదు.

తాతయ్య చిట్టాలో తప్పు లేదు. ఆయన చూసింది ఆయన రాసుకున్నాడు. దాన్ని రూలు బుక్కుగా వాడింది నేను. చూడకముందే నాకు 25 రావాలని ఉంది. అందుకే లెక్కపెట్టాను, తేదీలు చదవలేదు.

ఒక్క నిమిషం నిలబడితే సరిపోయేది.

మే 13, బుధవారం

గోడ ఇంటికి వెళ్ళాను. మోచేతి దాకా కట్టు. ఎడమచేత్తో కుర్చీ లాగి వేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

కట్టు అంచు గిల్లుకున్నాడు. తర్వాత ఒకటే అడిగాడు. ఇది తాతయ్యకి తెలుసా? తెలీదన్నాను. చెప్పొద్దు, ఆ వయసులో మొయ్యలేడు అన్నాడు. నువ్వు చెప్పావు, నేను నమ్మాను, మనిద్దరితో సరి అన్నాడు. సరేనన్నాను. తిట్టిపోసినా బాగుండేది.

వాళ్ళావిడ గేటు దాకా వచ్చింది. నేను చెప్పులు వేసుకుంటుంటే, మా లెక్క కూడా మీ పేపర్లో పట్టిక చూసి వేసిందేనండీ అంది. గేటు వేసేసింది.

మే 14, గురువారం

డెస్క్ ఇన్‌చార్జ్‌కి చెప్పాను, పట్టిక తప్పు, సవరణ వెయ్యాలి అని. సీజన్ ముగిశాక పట్టిక ఎవరిక్కావాలి అన్నాడు. కావాలన్నాను. శనివారం, పదకొండో పేజీ, రెండు లైన్లు. అంతకు ముందు వేస్తే క్లబ్‌కి కొమ్ము కాసినట్టుంటుందట. ఎందుకంటే రేపు గోడ తరఫున అభిమానుల ఊరేగింపు ఉంది.

అది షాపుకి వెళితేగానీ పూర్తిగా తెలియలేదు. నడుం కట్టింది బస్ డ్రైవరే. మనం పంపుదామన్నాం, ఒప్పుకుంటాను, దొంగలెక్క చెప్పి మెడ పట్టి గెంటమన్నామా, పైగా మన పేరు చెప్పి, అని ఊగిపోతున్నాడు. అద్దం తుడిచేశారు. మూలల్లో సుద్ద ఇంకా ఉంది. తమ్ముడు మిషన్ మీద తొమ్మిదడుగుల బ్యానర్ కుడుతున్నాడు. తెల్లగుడ్డ మీద ఎర్రగా 25.

రేపు ఉదయం పదింటికి క్లబ్ గేటు దగ్గర తాతయ్య చిట్టా చదువుతాడు. ఇరవై ఐదు తేదీలూ, నిమిషాలతో సహా. సెక్రటరీ ముఖం మీద. ఎల్లుండి దాకా ఆగండి అన్నాను. ఎందుకక్కా, ఆ లోపల రికార్డులు దిద్దుకోడానికా అన్నాడు డ్రైవర్. చొక్కా ఇస్త్రీ చేయించానమ్మా అని తాతయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళు రాశాను, ఒకడికి పనికొచ్చే రోజు వచ్చింది అన్నాడు.

గోడకి ఇచ్చిన మాట నోటికి అడ్డం పడింది. మాట ఒక్కటేనా, తెలీదు. పదిహేడుమంది ఉన్నారు.

సాయంత్రం ఆరింటికి సెక్రటరీయే ఫోన్ చేశాడు. పద్నాలుగో రూలు కాపీలు యాభై తీయించాడట. రెండు టీవీ వాళ్ళని పిలిచాడట. రానివ్వండి, ముసలాయన్ని మొత్తం చదవనివ్వండి అన్నాడు. మీరు ముందుండండి మేడమ్, మంచి ఐటమ్ అవుతుంది.

మే 15, శుక్రవారం, ఉదయం 6:50

11:30, కొత్త కీపర్ పరిచయం. ముందు వరసలో నా సీటు.

10:00, క్లబ్ గేటు.

8:00, తాతయ్య ఇల్లు. గోడకి చెప్పలేదు. ఈ డైరీ తీసుకెళ్తున్నాను. అక్టోబర్ 12 దగ్గర బస్ టికెట్ పెట్టాను. ఆయన కళ్ళజోడు దొరక్కపోతే నేనే చదవాలి, పైకి.