డ్రమ్ము వేడెక్కలేదు

నాన్నా,

పోయినసారి షెడ్డు నుంచి ఫోన్ చేసి, "ఒసే అమ్మడూ, బ్రేకు పట్టిందంటే చక్రంలో డ్రమ్ము కాలాలి. నీ లెక్కలో ఆగినవాటికి వేడి చూశావా?" అన్నావు. లారీ బ్రేకులకీ పరమాణు కేంద్రకాలకీ ముడిపెడతావేంటని నవ్వాను. ఇప్పుడు ఏడుస్తున్నాను.

నా పని నీకు తెలిసిందే. రెండు బరువైన కేంద్రకాలు రాసుకుంటూ పోతే వేగం ఎంత తగ్గుతుందో, ఆ శక్తి లోపల ఎంత వేడిగా మారుతుందో కంప్యూటర్లో లెక్క కడతాను. నీ మాట గుచ్చుకుని ఆ మధ్య ఆ వేడి చూశాను. పోయిన శక్తిలో సగమే వేడిగా మారింది. మిగతా సగం ఎక్కడా లేదు. కాలాన్ని ముక్కలు చేసి లెక్క నడుపుతాం. నా ముక్కలు మరీ పెద్దవి, శక్తి ఆ సందుల్లోంచే కారిపోయింది. ముక్కలు చిన్నవి చేసి మళ్లీ వారంపాటు నడిపితే రాపిడి సగానికి పడిపోయింది. ఈ పరీక్ష మొదట్లోనే చేశాను నాన్నా, కానీ ఎదురెదురుగా గుద్దుకునేవాటికి మాత్రమే. అవి గంటలో అయిపోతాయి. రాసుకుపోయేవాటికి వారం పడుతుంది. బద్ధకించాను. ఆరేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరైంది.

మా గైడుగారికి చెప్పాను. కళ్లజోడు తుడుచుకుంటూ, "నెలాఖరుకి రిటైరవుతున్నానమ్మా, ఇప్పుడెందుకీ గొడవ?" అన్నారు. నేను అచ్చువేయించిన రాపిడి అంకెని నమ్మి వేరే ప్రయోగశాలవాళ్లు మూడు నెలలుగా ఒక కొత్త కేంద్రకం కోసం వెతుకుతున్నారు. వాళ్లకేమీ దొరకదు. చెబితే నా పట్టా పోతుంది, ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఎవరూ చావరు కదా. అందుకే నోరు మూసుకుంటున్నాను. నువ్వు ఛీ అన్నా సరే. అద్దంలో మొహం చూసుకోబుద్ధి కావడం లేదు.

నీ అమ్మడు

*

అమ్మడూ, బంగారుతల్లీ,

నిన్ను ఛీ అనడానికి నాకేం అర్హతుంది?

నువ్వు చంటిపిల్లప్పుడు మీ మావయ్య తన లారీ నా దగ్గరికే తెచ్చాడు. బ్రేకులు చేసి నడిపి చూశాను. బండి ఆగింది. దిగి చెయ్యి పెడితే మూడు డ్రమ్ములు కాలుతున్నాయి, నాలుగోది చల్లగా ఉంది. మళ్లీ విప్పాలంటే ఒక పూట పని. "అయిందా బావా? సరుకు ఆలస్యమైపోతోంది" అని వాడి తొందర. "ఏం కాదులే, పోయిరా" అన్నాను. ఘాట్ దిగుతూ లోయలో పడ్డాడు. నిద్రపోయుంటాడు అన్నారందరూ. నేనూ ఊఁ కొట్టాను. ఇరవై ఎనిమిదేళ్లుగా మీ అమ్మ తమ్ముడి నిద్రని తిట్టుకుంటూ ఏడుస్తోంది, నేను పక్కన కూర్చుని ఓదారుస్తున్నాను. అంతకంటే నరకం లేదు తల్లీ.

అప్పట్నుంచి డ్రమ్ము మీద చెయ్యి పెట్టకుండా ఏ బండినీ వదల్లేదు. షెడ్డులో అందరూ అది పనితనం అనుకుంటారు. భయం. ఫోన్లో నిన్ను అడిగించింది కూడా ఆ భయమే.

ఎవరూ చావరన్నావు. నేనూ అదే అనుకున్నాను. నువ్వు చెప్పెయ్ అని రాయబోతే కలం కదల్లేదు. ఏ మొహంతో రాయను? అందుకని నీ ఉత్తరాన్ని, ఈ కాగితాన్ని, చిరునామా రాసిన కవరునీ వంటగట్టు మీద మీ అమ్మ ముందు పెట్టి షెడ్డుకి పోతున్నాను. చదివాక ఆవిడకి మనసైతే పోస్టు చేస్తుంది.

మీ నాన్న

అమ్మడూ, నీ ఉత్తరం, మీ నాన్నది రెండూ చదివాను. ఆయన ఇంకా ఇంటికి రాలేదు. వస్తే ఏమంటానో నాకే తెలీదు. నువ్వు మాత్రం ఇన్నేళ్లు ఆగకమ్మా.

అమ్మ