వంతెన కనబడని గది

నాన్నా, నేను కులాసా. దగ్గు తగ్గిందని అమ్మతో చెప్పండి.

యుద్ధకాలంలో సైనికులు కూర్చుని, వంతెనవైపు ఫిరంగులకు గురి చెప్పిన గదిని వెతుకుతున్నామని రాశాను కదా. కొండమీది రాతిగదే అదని మ్యాపులో నేనే గుర్తు పెట్టాను. నిన్న అందులో కూర్చుని గోడ సందులోంచి చూస్తే ముళ్లపొదలు తప్ప ఏమీ కనబడలేదు. అసలుది పక్కగుట్ట మీద కూలిపోయి ఉన్న గదేమో! మ్యాపులో దానికి గుర్తు లేదు కనుక ఆ గుట్టను సోమవారం రోడ్డు కోసం తవ్వేస్తారు. సర్వేయరుగారితో చెప్పబోయి, టేపు ఎక్కడుందని అడిగి వచ్చేశాను. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అమ్మాయ్?" అన్నారాయన.

తాతయ్య ఇలాంటి గదిలోనే టెలిఫోను పట్టుకుని కూర్చున్నారు కదా. వంతెన కనబడకుండా గురి చెప్పగలరా అని ఆయన్ను అడిగి వెంటనే రాయండి.

నా గొడుగు పంపండి. చెల్లి నా పుస్తకాల మీద కాఫీ గ్లాసు పెట్టడం లేదు కదా?

మీ జవాబు సోమవారంలోగా అందదని ఇప్పుడే తట్టింది. ఈ కార్డు డబ్బాలో వేసి నేరుగా సర్వేయరుగారి దగ్గరికే వెళ్తాను. తప్పు నాదని చెప్పేటప్పుడు గొంతు పెగలాలని దీవించండి.

మీ పెద్దమ్మాయి