మిగలకూడని ముక్క

డిసెంబర్ 23

మా ఆయన ఫెర్రియోల్ ఇల్లొదిలి వెళ్ళిపోయి మూడు వారాలు. అత్తగారికి ఇంకా తెలియదు. జర్మనీ లోడు మీద ఉన్నాడని చెప్తున్నాను. లారీ డ్రైవర్ ఇంట్లో అబద్ధం ఇంత సులువని ఇన్నాళ్ళూ తెలియలేదు. జిరోనా ఊళ్ళో ఇంకో ఆడమనిషి దగ్గరికి పోతూ ఆయన నాకు చెప్పిందీ ఇదే లోడు.

తెలిసిన మర్నాడే ఆడపడుచు పిలార్ కారేసుకుని వచ్చి తల్లిని తీసుకుపోతుంది. ఆయన ఎలాగూ పోయాడు. ఈవిడ కూడా పోతే నన్ను తిట్టడానికైనా ఈ ఇంట్లో మనిషుండదు. అందుకే దాస్తున్నాను.

డిసెంబర్ 24

అమ్మ కోసమైనా రేపు భోజనానికి రమ్మని మెసేజ్ పెట్టాను. చూస్తాను అన్నాడు. ఆ ఒక్క మాటకే పెద్ద పండగ కోడి తెచ్చాను. సిగ్గులేనిదాన్ని.

డిసెంబర్ 25, మధ్యాహ్నం ఒంటిగంట

అత్తగారికి జ్వరం. మాత్ర వేసుకుని, వాడు రాగానే లేపవే, లేపకపోయావో నీ పని చెప్తా, అని పడుకుంది. సూప్ పొయ్యి మీద ఉంది. కోడి ఓవెన్‌లో ఉంది. మూడు ప్లేట్లు పెట్టాను.

మూడున్నర

రాలేదు.

సాయంత్రం ఆరు

ఆవిడ లేచి అడిగింది. వచ్చాడు, తిన్నాడు, మీ నుదుటి మీద ముద్దు పెట్టి డ్యూటీకి వెళ్ళాడు అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. అప్పటికే ఒక ప్లేటు ఎంగిలి చేసి సింకులో పడేశాను కూడా. ఆవిడ నుదురు తడుముకుంది. నిద్రలో తెలిసిందే, మావాడే అనుకున్నాను, అంది. బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

డిసెంబర్ 26

క్రిస్మస్ మర్నాడు, సెయింట్ ఎస్తేవ్ పండగ. నిన్న మిగిలిన మాంసంతో కానెలోన్లు చేయాలి, మనిషికి మూడు. నిన్న నేను తిన్నది ఒక రెక్క. మిగతా కోడంతా అలాగే ఉంది. ఎముకలు తీసి, ఉల్లిపాయతో వేయించి, రుబ్బి, పిండి రేకుల్లో చుట్టి, పైన వైట్ సాస్ పోసి ఓవెన్‌లో పెట్టాను. ముప్ఫై ఏళ్ళలో ఇంత మెత్తగా ఎప్పుడూ కుదరలేదు.

జ్వరం తగ్గి అత్తగారు టేబుల్ దగ్గరికి వచ్చింది. మొదటిదాన్ని ఫోర్కుతో చీల్చి లోపలికి చూసింది. ఏమే రెమెయీ, ఇంత తెల్లగా ఉందేం, అంది. బ్రెస్ట్ పీస్ కదా అత్తయ్యా, అన్నాను గొప్పగా. నా నోరు పడిపోను.

ఈ ఇంట్లో కానెలోన్లలోకి బ్రెస్ట్ పీస్ ఎప్పుడూ రాలేదు. కాళ్ళు, వీపు, మెడ, అవే రుబ్బేది. బ్రెస్ట్ పీస్ రెండూ ఫెర్రియోల్‌వే, ఏడేళ్ళప్పటి నుంచీ. ఆయన వదిలితే కదా మిగలడానికి. ఇన్నేళ్ళూ వడ్డించింది నేనే, నాకే గుర్తులేకపోయింది.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. వాడు రాలేదన్నమాట, అంది. ఇల్లొదిలి ఎన్నాళ్ళయింది అని అడిగింది. చెప్పాను. అబద్ధమాడావని కోపం లేదే, ఆ ముద్దొకటి ఎందుకు కల్పించావు, అంది.

మూడూ తింది. బాగున్నాయి, అంది. లేచి పిలార్‌కి ఫోన్ చేసింది.

డిసెంబర్ 27

కాళ్ళు పట్టుకున్నాను. ఉండిపోండి అత్తయ్యా, నాకెవరున్నారు అన్నాను. ఆవిడ నా తల నిమిరింది. నువ్వు మంచిదానివే, కానీ తలుపు చప్పుడైతే నేనూ వాడే అనుకుంటాను, నువ్వూ వాడే అనుకుంటావు, ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ ఎన్నాళ్ళని కూర్చుంటామే, అంది. పిలార్ హాల్లో నిలబడి గడియారం చూసుకుంటోంది.

వెళ్ళిపోయారు.

డిసెంబర్ 29

మిగిలిన కానెలోన్లు విప్పాను. లోపలి మాంసం గుడ్డులో ముంచి, రొట్టె పొడిలో దొర్లించి వడల్లా వేయించాను.

డిసెంబర్ 31

ఆ వడలు చిదిపి అన్నంలో కలిపాను. ఎన్ని వేషాలు వేసినా అదే కోడి. నాకు ఆ తెల్ల మాంసం ఇష్టం లేదని ముప్ఫై ఏళ్ళకి తెలిసింది. ఏడుస్తూ తిన్నాను.

జనవరి 6

కొలిచి ఒక్కదానికే వండాను. ఏమీ మిగల్లేదు.