ఈక గాలం

2024 మే 19, ఆదివారం

దుందుభి వాగు ఎండిపోయింది. ఊరి దగ్గరి మడుగు ఒక్కటే మిగిలింది. మృగశిర కార్తె నాడు అందరూ చేప తింటారు కాబట్టి, ముందురోజు చేపల సొసైటీ వాళ్లు అందులో వల లాగి ఇంటింటికీ వాటా పంచుతారు. ఏటా ఇంతే. పిల్లచేప కూడా మిగలదు.

ఈ రోజు మీటింగ్‌లో అడ్డం తిరిగాను. నదుల మీద నా దగ్గరున్న కరపత్రాల్లో ఒకటి చదివాను. ఎండాకాలం చివర నీళ్లు వేడెక్కితే బయటి దేశాల్లో ట్రౌట్ చేపల్ని పట్టరని, వాటికి సెలవు ఇస్తారని చెప్పాను. చెప్పడం కాదు, అరిచాను. ప్రెసిడెంట్ నాగులమ్మ నాకు పెద్దమ్మ వరస. మరి మాకు సెలవు ఎవరిస్తరు బిడ్డా అని అడిగింది. అందరూ నవ్వారు. ఒళ్లు మండింది. ఆ దేశాల వాళ్లలా ఎర లేకుండా కోడి ఈకతో గాలం కట్టి చేపను పడతా, అప్పుడైనా వల మానేస్తారా అన్నాను. వలకు ముందు ఒక్క శాపను ఒడ్డుకు తే, ఈ ఏడు వల వెయ్యం, తేకుంటే నువ్వే వచ్చి తాడు గుంజాలె అంది. అందరి ముందూ ఒప్పుకున్నాను.

మే 21

యూట్యూబ్ చూసి ఈకను పురుగులా కట్టాను. మా పుంజు తోక సగం బోడి. అది నీకేం పాపం జేసింది రా అని అమ్మ తిట్టింది.

మే 24

ఏమీ పడలేదు.

మే 28

దోస్తు నవీన్ ఒడ్డున కూర్చుని వీడియో తీశాడు. నీ ఈకను చూసి శాపలు నవ్వుకుంటున్నయి రా అన్నాడు. గాలం కర్ర విరిచి వాడి మీదికి విసిరాను. సాయంత్రం కొత్త వెదురు కర్ర కోసి తెచ్చింది వాడే.

జూన్ 4

తుంగ గడ్డి పక్కన నీళ్లలో ఎర్రటి మరక కదిలింది. కొర్రమట్ట చేప పిల్లలు. ఒక్కొక్కటీ గోరంత, ఎన్నో చెప్పలేను. ఒక కప్ప వాటి మీదుగా ఈదింది. నీళ్లు భళ్లున లేచాయి. కప్ప లేదు. కింద తల్లి కాపలా ఉంది.

అమ్మ తమ్ముడు గుర్వయ్య మామకు చెప్పాను. అది ఆకలికి కరవదు రా, కోపానికి కరుస్తది, పిల్లల మీద ఏది వడ్డా ఆగది, అచ్చం నీ లెక్కనే అని నవ్వాడు. గా గుంపు మీద ఈక ఏస్కో, నిమిషంల పడ్తది, పందెం నీదే అన్నాడు. మరి పిల్లలు అన్నాను. తల్లి లేకుంటే జెల్ల శాపలు తింటయి, మడుగంత మిగుల్తుంటే ఒక్క సంసారం పోతే ఏంది అన్నాడు.

లెక్క సరైనదే. అందుకే ఇంకా మండుతోంది.

జూన్ 5

కరపత్రాలన్నీ తిరగేశాను. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఎందులోనూ లేదు.

జూన్ 6, సాయంత్రం

చూడ్డానికి సగం ఊరు వచ్చింది. ఎర్రటి పిల్లల గుంపు మీద ఈక విసిరాను. మొదటిసారే కర్ర వంగింది. కేకలు, ఈలలు. తల్లి చేప కరిచి వదిలేసింది. మళ్లీ కరిచింది. మళ్లీ వదిలింది. మూడోసారి ఈక పీలికలై వచ్చింది. పెద్దమ్మ దాన్ని వేళ్లతో తడిమి, కొక్కెం ఏది రా అంది. ఇంట్లోనే కట్టింగ్ ప్లేయర్‌తో తెంపేశాను అన్నాను. శాపకు చక్కిలిగిలి వెట్టనీకి వచ్చినవా అన్నాడు నవీన్. ఊరంతా పగలబడి నవ్వింది.

కరిస్తే చాలనుకున్నాను. పెద్దమ్మ ఒడ్డుకు తెమ్మంది, కరిపించమనలేదు. పిల్లల కోసం దానికి వచ్చే కోపాన్ని వాడుకుని గెలవడం నాతో కాలేదు. పొద్దుగాల తాడు గుంజనీకి రా అంది పెద్దమ్మ. మొదటిసారి అరవకుండా సరే అన్నాను.

జూన్ 7

వల దించారు. ఎవరు ఎక్కడ నిలబడాలో పెద్దమ్మే చెప్పింది. తుంగ దిక్కు కొస నువ్వు పట్టు అంది నాతో. ఆ కొసన ఉన్నవాడు వల కింది తాడును కాలితో బురదలో తొక్కిపెట్టాలి. లేకపోతే చేప కిందినుంచి జారిపోతుంది. ఆమెకు తెలియదా? చెప్పి, అటు తిరిగి, బకెట్లు కడగలేదని ఎవరినో తిట్టడం మొదలుపెట్టింది.

వల దగ్గరికొచ్చింది. కాలు ఎత్తాను. పిక్కకు బలంగా ఒక దెబ్బ తగిలింది. దాని వెనక సన్నగా, చాలాసేపు, గోరంత చేపల చక్కిలిగిలి. గుర్వయ్య మామ నా వంక చూసి ముఖం తిప్పుకున్నాడు. పెద్దమ్మ తిట్లు ఇంకా అయిపోలేదు.

మిగతా చేపలన్నీ వలలోనే వచ్చాయి. అన్నీ.

జూన్ 8, మృగశిర

అన్ని ఇళ్లకూ వాటా వచ్చింది. మాకు రాలేదు. మీ వాని వాటా తుంగల ఉన్నదని పెద్దమ్మ చెప్పి పంపిందట. అమ్మ ఇంగువ, బెల్లం కలిపి ఉండలు చేసింది. చేప తినని ఇళ్లలో ఈ రోజు అదే తింటారు.

రెండు తిన్నాను. వాగు పైన వాన మొగులు పట్టింది.